ఎవరూ కూర్చోని కుర్చీ

ఎనభై ఏడులో వాన ముందే పట్టుకుంది. ఆయుధపూజ నాటికే ముదలియార్‌పేటలో మా ఆఫీసు ముందు మోకాలి లోతు నీళ్ళు. ఆ నీళ్ళలోనే కంప్యూటర్ వచ్చింది. నూలు బేళ్ళు మోసే మనుషులు పెట్టెల్ని తలకెత్తుకుని, పురిటి బిడ్డను దాటించినట్టు మెల్లగా వాకిలి దాటించారు.

మాది చేనేతవాళ్ళకు నూలు పంచే సహకార సంఘం. నా భర్త సుబ్బరాయలు అక్కడే గోడౌన్లో పనిచేసేవాడు. పెళ్ళయిన ఏడో నెలలో కామెర్లతో పోయాడు. ఆయన పోయాక సంఘం వాళ్ళు నాకు టైపిస్టు ఉద్యోగం ఇచ్చారు. ఆ వానాకాలం నాటికి నాలుగో ఏడు నడుస్తోంది.

సూపరింటెండెంట్ లోకనాథన్ మిషనుకు గంధం బొట్లు పెట్టి, గుమ్మడికాయ దిష్టి తీయించి, దీపం వెలిగించడానికి ముత్తయిదువ కోసం చుట్టూ చూశాడు. "రాజాత్తీ, నువ్వు రామ్మా" అని పక్క బల్ల గుమాస్తాను పిలిచాడు. నేను అప్పటికే తలుపు దగ్గరికి జరిగి ఉన్నాను. ఎవరూ చెప్పకముందే జరగడం నాకు అలవాటైంది. చెప్పించుకోవడం కంటే అది తేలిక.

ఒక పెద్ద పెట్టె, దానికి తగిలించిన మూడు టెర్మినళ్ళు, ఒక ప్రింటరు. కిటికీ పక్కన టెర్మినల్ నాకిచ్చారు. తమిళం, ఇంగ్లీషు రెండింట్లోనూ టైపు హయ్యర్ పాసైన దాన్ని నేనొక్కదాన్నే. నా ఒంట్లో దుఃఖం అంటని భాగం ఏదైనా ఉందంటే అవి నా వేళ్ళే. కీబోర్డు మీద పెట్టగానే అవి నన్ను వదిలేసి వెళ్ళిపోయేవి. కాసేపు నేనెవరి భార్యనో, ఎవరి విధవనో వాటికి తెలిసేది కాదు.

మొదటిసారి ఆగింది దీపావళి ముందు. తెర మీద అక్షరాలు పోతూ పోతూ నిలిచిపోయాయి. కింద ఒక వరుసలో ఇంగ్లీషులో 'పానిక్' అనే మాట, దాని పక్కన అర్థంకాని అంకెలు. మూడు తెరలూ ఒకేసారి చచ్చిపోయాయి. పొద్దున్నుంచి ఎక్కించిందంతా పోయింది.

"ఏం నొక్కినావమ్మా?" అని లోకనాథన్ అడిగాడు.

"ఏం నొక్కలేదు సార్. ఎప్పటిలాగే."

మద్రాసు కంపెనీకి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టు ఆపి మళ్ళీ పెట్టారు. మర్నాడు మళ్ళీ ఆగింది. రెండు రోజులు బాగుండి, మళ్ళీ. మూడోసారికి ఆఫీసులో ఒక సంగతి అందరికీ కనపడింది. రాజాత్తి కొడితే ఆగదు. లోకనాథన్ ఒక్క వేలుతో వెతుక్కుంటూ కొడితే ఆగదు. నేను కూర్చుంటేనే ఆగుతుంది.

రాజాత్తి ఒక పొద్దున కర్పూరం తెచ్చి, మిషను చుట్టూ మూడుసార్లు తిప్పి, వాకిట్లో పడేసి వచ్చింది. తిప్పేటప్పుడు నా కుర్చీని కలపలేదు. కుర్చీ దగ్గరికి వచ్చాక చెయ్యి కొంచెం పక్కకు పోయింది. అంతే. ఆ కొంచెంలో నేను నా గురించి వాళ్ళనుకుంటున్నదంతా చదువుకున్నాను.

నాకు అందులో కొత్తేమీ లేదు. ఆయన పోయినప్పుడు మా పెద్దమ్మ కూతురే అంది, ఏడు నెలలైనా నిలవనీయలేదు అని. ఊళ్ళో ఎవరనుకున్నా, ఇంట్లో ఒక్క మనిషి అలా అనుకోదన్నదే నా ఆధారం. ఆ మనిషి మా అత్త తాయారమ్మ. కొడుకు పోయిన ఇంట్లో నన్ను ఉంచుకుంది. నా పుట్టింటివాళ్ళు తీసుకుపోతామంటే, "ఇది యాడికీ రాదు, ఇది నా బిడ్డ" అని చెప్పి పంపేసింది. మామ ఎప్పుడో వయసై పోయాడు. ఆ రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే.

రాజాత్తిది మా వీధే. ఆ వారమే మా వాకిటి ముందు కుళాయి దగ్గర ఎవరితోనో అంది. "ఆ పిల్ల చెయ్యి పడితే మిషను కూడా బతకదంటక్కా." నీళ్ళకు బిందెతో వచ్చిన అత్త విన్నది. నేను లోపల తల దువ్వుకుంటున్నాను.

"ఏమే రాజాత్తీ, ఇంకోసారి అను."

"నేనేం అన్నాన్లే పెద్దమ్మా, ఆఫీసులో అనుకునేదే..."

"ఆఫీసులో అనుకునేది ఆఫీసులో పెట్టుకో. నా కోడలి చెయ్యి సంగతి నాకు తెల్సు. ఆ చెయ్యి వండితే నాలుగేండ్లుగా తింటాండా, నేను బతికే ఉండా. నీ మిషనుకేం రోగమో పోయి చూసుకో. ఇంకోసారి నా వాకిటి ముందర దాని పేరెత్తితే బిందెత్తి నెత్తినేస్తా!"

కుళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. అత్త బిందె నడుమున పెట్టుకుని లోపలికొచ్చి, ఏమీ జరగనట్టు, "ఇంకా పోలేదేంది నువ్వు? బస్సు పోతాది" అంది. ఆ రోజు నేను బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. సంతోషంతో. అంత సంతోషం మళ్ళీ నాకు రాలేదు.

కంపెనీ నుంచి బాలకృష్ణన్ అనే ఇంజనీరు వచ్చాడు. చిన్నవాడు. అద్దాల మీద వాన చుక్కలు తుడుచుకుంటూ లోపలికొచ్చి మొదట కర్పూరం వాసన పట్టాడు.

"ఇక్కడ పొగ ఎవరు పెట్టారు?"

"దిష్టి తీశాం సార్" అంది రాజాత్తి.

"దిష్టా! అక్కా, లోపల డిస్కు తిరుగుతుంటుంది. మసి లోపలికి పోతే దాన్ని మీ దేవుడు కూడా బాగుచెయ్యలేడు."

"మా దేవుడికి మద్రాసు ట్రైనింగు లేదు లెండి" అంది రాజాత్తి. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు.

అతని పద్ధతి నాకు నచ్చింది. ఒక్కటి మారుస్తాడు, ఒక్కటే. రెండు మారిస్తే ఏది తప్పో తెలీదంటాడు. కేబుల్ మార్చాడు. నన్ను కొట్టమన్నాడు. ఆగింది. టెర్మినల్ మార్చాడు. ఆగింది. ఎర్తు గుంటలో ఉప్పునీళ్ళు పోయించాడు. వానకాలంలో దానికి నీళ్ళేం కరువని వాచ్‌మన్ గొణిగాడు. ఆగింది. టెర్మినళ్ళన్నీ తగిలించే కార్డు ఒకటి పెట్టెలో ఉంటుంది. దాన్ని తీసి వేరే గాట్లో పెట్టాడు. ఆగింది. ప్రతిసారీ నన్ను పిలిచేవాడు. నేను వచ్చి కూర్చుని కొట్టేదాన్ని. అది ఆగేది. నేను లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడేదాన్ని.

సాయంత్రానికి కుర్చీలు మార్చాడు. రాజాత్తిని నా చోట కూర్చోబెట్టాడు. నడిచింది. నన్ను ఆమె చోట కూర్చోబెట్టాడు. ఆగింది.

"అన్నీ మార్చి చూశాను..." అని అతను మధ్యలో ఆగాడు.

"మిగిలింది ఈ అమ్మాయే గదా సార్" అన్నాడు లోకనాథన్. చెడ్డ మనిషి కాదు. లెక్క తేల్చినట్టు అన్నాడు.

"మనిషిని బట్టి సిస్టం పడిపోదు సార్. కారణం లోపలే ఉంటుంది" అని నవ్వాడు బాలకృష్ణన్. కాని నవ్వేటప్పుడు నా వైపు చూడలేదు. తన చదువును తనే గట్టిగా పట్టుకున్నట్టు, చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ని చూశాడు.

అతను మద్రాసు వెళ్ళాక లోకనాథన్ నన్ను పిలిచాడు. "నేనివన్నీ నమ్మనమ్మా. కాని కమిటీవాళ్ళు అడుగుతున్నారు. కొన్నాళ్ళు డెస్పాచ్‌లో కూర్చో. ఏమనుకోకు."

డెస్పాచ్‌లో కవర్లకు స్టాంపులు అంటించే పని. నా వేళ్ళకు జిగురు పట్టేది.

నేను నమ్మానా? నమ్మలేదు. అయితే నమ్మకుండా ఉండటానికి ప్రతి పొద్దునా కష్టపడాల్సి వచ్చింది. ఇంతకుముందు అది ఊపిరిలాగా దానంతటదే ఉండేది. ఇప్పుడు లేవగానే నాకు నేనే చెప్పుకోవాలి. ఒకసారి చెప్పుకోవడం మొదలుపెట్టాక, ఎదుట వాదించేవాడు కూడా లోపలే కూర్చుంటాడు. వాడు అడిగేవాడు, అందరూ కొడితే నడిచేది నీ చేతి కిందే ఎందుకు ఆగిందని. వాడు అక్కడితో ఆపేవాడు కాదు. ఆసుపత్రిలో ఆయన కాళ్ళు ఎవరు పట్టుకున్నారు? నువ్వే గదా. నువ్వు పట్టుకున్న చేతులతోనే చల్లబడ్డాడు గదా.

పక్కింటి కనగం తన బిడ్డను ఎత్తుకోమని ఇచ్చింది. చేతులు తడిగా ఉన్నాయన్నాను. అత్త చూసింది.

"తడి యాడుంది?" అంది కనగం పోయాక.

"జిగురత్తా."

అత్త నా చేతుల వైపు చూసింది. పొయ్యి వైపు తిరిగింది.

కార్తీకంలో బాలకృష్ణన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి తనతో ఒక చిన్న కంప్యూటర్ని, సంచుల్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. వచ్చీ రాగానే డెస్పాచ్‌కి కబురు పెట్టాడు.

"మీరు కొంచెం రండి. కొట్టడానికి కాదు, ఊరికే నిలబడండి చాలు."

ఆఫీసంతా వచ్చి నిలబడింది. అతను నా టెర్మినల్ కేబుల్ పీకి, దాన్ని తన చిన్న కంప్యూటర్‌కి తగిలించాడు.

"పోయినసారి వరండాలో టీ తాగుతూ విన్నాను. ఈమె కొడితే వాన. రాజాత్తిగారు కొడితే, వాన వెలిశాక చూరు నుంచి పడే చుక్కలు" అన్నాడు.

"సరి సార్, నేను చూరే. చూరు లేకపోతే ఇల్లెక్కడిది?" అంది రాజాత్తి.

"బస్సులో పోతూ అదే ఆలోచించాను. నేను అన్నీ మార్చాను గాని వేగం మార్చలేదు. ఇప్పుడు ఈ పెట్టె, మనిషి లేకుండా, ఈమె కంటే వేగంగా అక్షరాలు పంపుతుంది. ప్రింటరు పెట్టండి సార్, ఆగినప్పుడల్లా అది నడుస్తూనే ఉంది."

లోకనాథన్ ప్రింటరు పెట్టాడు. అది గర్రుమని మొదలైంది. బాలకృష్ణన్ ఒక మీట నొక్కి, రెండు చేతులూ పైకెత్తి, వెనక్కి జరిగాడు. కిటికీ పక్కన నా కుర్చీలో ఎవరూ లేరు. పక్కన పెట్టిన చిన్న కంప్యూటర్ తెర మీద అక్షరాలు పోసినట్టు పడుతున్నాయి. కొద్దిసేపే. 'పానిక్'. అన్ని తెరలూ చచ్చిపోయాయి. ప్రింటరు సగం గీతలో నిలిచిపోయింది.

రాజాత్తి రెండు చెంపలూ వేసుకుంది.

"మరి ఎవరు?" అన్నాడు లోకనాథన్. ఏది అని అడగలేదు, ఎవరు అనే అడిగాడు.

"డ్రైవర్ సార్. కార్డుకీ లోపలి సిస్టానికీ మధ్య సరుకు అందించే చిన్న ప్రోగ్రాం. దాన్ని డ్రైవర్ అంటాం. మీ గోడౌన్లో కాటా మీద ఒక బేలు తూచి దించకముందే ఇంకోటి పడేస్తే ఏమవుతుంది? కాటా పోతుంది. ప్రింటరుకు పని చేస్తుండగా అక్షరం వెనకే అక్షరం వస్తే, ఇది రెండోదాన్ని పట్టుకోలేక ఎక్కడో పెట్టకూడని చోట పెట్టేస్తోంది. సిస్టం బెదిరి ఆగిపోతోంది. రాసినవాడు ఇంత వేగంగా కొట్టేవాళ్ళుంటారని అనుకోలేదు." నా వైపు తిరిగాడు. ఈసారి సూటిగా చూశాడు. "కొత్త డ్రైవర్ రాసి పంపుతాం. అంతవరకూ కొంచెం మెల్లగా కొట్టండి. తప్పు మీది కాదు."

తప్పు మీది కాదు. ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళుగా చెవులు పెట్టుకుని ఉన్నానో, విన్నాక తెలిసింది. గోడ పట్టుకున్నాను.

ఇంటికి పరుగెత్తాను. అత్త గడప దగ్గర కూర్చుని మునగాకు దూస్తోంది. చెప్పులు విడవకుండానే చెప్పాను. ఖాళీ కుర్చీ, వాన, చూరు, చెంపలు వేసుకున్న రాజాత్తి, అంతా చెప్పాను.

"అదంతా సరి. తప్పెవరిదంట?"

"డ్రైవర్ది అత్తా."

"డ్రైవరా? వాడు యా ఊరోడు? తాగుతాడా?"

నేను నవ్వాను. వివరించబోయి మళ్ళీ నవ్వాను. ఆమెకు అర్థం కాకపోయినా నన్ను చూసి తనూ నవ్వింది. మునగాకు ఒళ్ళోంచి జారిపోయింది. ఆ వానాకాలంలో మేమిద్దరం కలిసి నవ్వింది అదొక్కసారే.

నవ్వు తగ్గాక ఆమె ఆకులు ఏరుకుంది.

"అట్లయితే నీ చెయ్యి కాదు."

"కాదత్తా."

"చదువుకున్నోడే గదా చెప్పింది? అందరి ముందరా చూపించినాడు గదా?"

"అందరూ చూశారు."

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. ఏళ్ళ తరబడి ఎత్తుకున్న బరువు దించినట్టు, భుజాలు కిందికి వచ్చాయి. ముఖం చిన్నపిల్ల ముఖంలాగా తేటపడింది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"వచ్చే వారం వాడి తిథి గదా. మే, ఈసారి నువ్వు వండు. నీ చేత్తోనే ఆకులో పెట్టు."

"సరి అత్తా" అన్నాను.

చెప్పులు విడిచి వచ్చి, ఆమె పక్కన కూర్చుని మునగాకు దూశాను.

అంతకుముందు ప్రతి ఏడూ తిథి నాడు నన్ను ఆఫీసుకు పంపేసేది. "లీవు పాడుచేసుకోవద్దు, ఇదంతా నేను చూసుకుంటా, నువ్వుంటే ఏడుస్తా ఉంటావు" అనేది. తలంటుకుని ఒక్కతే వండి, ఫోటో ముందు ఆకేసి, నేను సాయంత్రం వచ్చేసరికి అన్నీ కడిగి పెట్టేది. నా మీద దయ అనుకున్నాను. అది దయే. ఇప్పుడూ అది దయ కాదని అనలేను. కాని ఆ దయ దేనికోసమో నాకు తెలియలేదు, అంతే. ఆమె నన్ను క్షమించింది. కొడుకును పొట్టన పెట్టుకున్నదాన్ని క్షమించి, అన్నం పెట్టి, బట్ట ఇచ్చి, వీధిలో నా కోసం బిందెత్తింది. రోజూ నా చేతి వంట తింది. తను తిని చచ్చినా ఫరవాలేదనుకుందేమో. కొడుకు ఆకు దగ్గరికి మాత్రం ఆ చేతిని రానీయలేదు.

ఆమె నన్ను ద్వేషించి ఉంటే నేను ఎప్పుడో తెలుసుకునేదాన్ని. ద్వేషం ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. క్షమ అలా కాదు. అది కంచంలో వడ్డించిన అన్నంలాగా ఉంటుంది, ఎవరూ అనుమానించరు.

తిథి నాడు లీవు పెట్టాను. నెత్తళ్ళ చేపల పులుసు, వంకాయ వేపుడు, పప్పు, పాయసం, ఆయనకు ఇష్టమైనవన్నీ వండాను. అత్త పక్కన నిలబడి, "ఉప్పు చూసుకో, వాడికి కొంచెం ఎక్కువుండల్ల" అని చెబుతూ, పెళ్ళివారింట్లో తిరిగినట్టు తిరిగింది. కనగాన్ని పిలిచి, "ఈసారి అంతా మా మంగళే చేసింది" అని చూపించింది. కొంచెం గట్టిగానే చెప్పింది, వీధికి వినపడేలాగా.

ఆకేసి నేనే వడ్డించాను. దండ వేసిన ఫోటోలో ఆయన, స్టూడియోవాడు చెప్పిన చోటికి చూస్తూ, ఎప్పటిలాగే కొంచెం ఆశ్చర్యంగా ఉన్నాడు. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. ఏమని చెప్పను? నేను కాదని తేలిందనా? ఆ సంగతి రుజువు చేయాల్సిన అవసరం లేని మనిషి లోకంలో ఆయనొక్కడే. ఆ మనిషి లేడు.

"దండం పెట్టుకో" అంది అత్త. పెట్టుకున్నాను.

సంక్రాంతి దాటాక కొత్త డ్రైవర్ ఒక ఫ్లాపీలో వచ్చింది. బాలకృష్ణన్ దాన్ని ఎక్కించి, ఇక మీ వేగంతో కొట్టండి అన్నాడు. కొట్టాను. ప్రింటరు ఆగలేదు, తెరలు ఆగలేదు. లోకనాథన్ అందరికీ టీ తెప్పించాడు. నా వేళ్ళు మాత్రం ఇప్పుడు నన్ను వదిలి వెళ్ళడం మానేశాయి. ఎంత వేగంగా పోయినా నేను వాటి వెంటే ఉండేదాన్ని, తెర కింది వరుసను చూస్తూ.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే అత్త అడిగింది.

"మే, ఈ పొద్దు ఆగలేదు గదా?"

"లేదత్తా."

ఆమె నిమ్మళంగా తలూపి కాఫీ కలపడానికి లేచింది. మర్నాడూ అడిగింది. అంతకుముందు, వచ్చినావా, తడిసినావా అని అడిగేది. ఇప్పుడు ఆ మాటల చోట ఇదే. ఆదివారాలు తప్ప రోజూ, గడప దగ్గర, అదే మాట.

కొన్నేళ్ళకు ఆ మిషను తీసేసి వేరేది పెట్టారు. దాని తర్వాత ఇంకోటి వచ్చింది. మిషన్లు ఆగుతూనే ఉండేవి. నా దగ్గరా ఆగేవి, రాజాత్తి దగ్గరా ఆగేవి. ఇప్పుడు ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, ఆపి మళ్ళీ పెట్టుకునేవాళ్ళు. నేనూ అందరిలాగే ఆపి మళ్ళీ పెట్టి, పని ముగించుకుని, బస్సెక్కి ఇంటికొచ్చేదాన్ని.

చివరి ఏడు అత్తకు చూపు మందగించింది. మంచం మీంచే, అడుగుల చప్పుడు విని, ముఖం ఇటు తిప్పేది.

"మంగళా, ఆగలేదు గదా?"

"లేదత్తా. ఆగలేదు."